చేతినీళ్లు

బొప్పయ గురువుకు ఒక చెడ్డ అలవాటుంది. ఎవరైనా సందేహం అడిగితే జవాబు చెప్పడు, చెప్పులు తొడుక్కుంటాడు. జవాబు కావలసినవాళ్లు వెంట నడవాలి. ఆశ్రమంలో పాత శిష్యులకు ఎండాకాలంలో ఒక్క సందేహమూ రాకపోవడం అందుకే.

సూరమ మాత్రం నడివేసవిలోనే అడిగింది. అడగక తప్పని స్థితి ఆమెది.

"అయ్యా, మనసులో భయం పోకుండా ఒక మనిషిని క్షమించడం కుదురుతుందా?"

"మీ ఊరినుంచి కబురొచ్చిందా?" అంటూ గురువు చెప్పుల కోసం వంగాడు.

కబురు నిజంగానే వచ్చింది. ఇరవై ఏళ్ల కిందటి యుద్ధంలో, ఓడి వెనక్కి మళ్లిన సొంత రాజుగారి దండే సూరమ ఊరైన రేగుమెట్ట బావిలో విషం కలిపింది. తరుముకొచ్చే శత్రువుకు గుక్కెడు నీళ్లు దొరక్కూడదని సేనాపతి వేసిన ఎత్తు అది. చెబితే గుట్టు బయటపడుతుందని ఊరివాళ్లకు చెప్పలేదు. తీరా శత్రువు ఆ దారిన రానేలేదు. ఊళ్లో పదిహేడు మంది పోయారు. యుద్ధం ముగిశాక విచారణ జరిగింది. సేనాపతి తల తీశారు. విషం కలిపిన భటుడు గొంకయకు బతికినన్నాళ్లూ చెర అన్నారు.

ఇప్పుడు కొత్త రాజు దయతలచి, ఇరవై ఏళ్లు మగ్గినవాళ్లకు 'చేతినీళ్లు' అనే పాత ఆచారాన్ని మళ్లీ తెచ్చాడు. నేరం చేసినవాడు ఆ ఊరికే వచ్చి నీళ్లు తోడి పోయాలి. అందరికంటే ఎక్కువ నష్టపోయిన ఇంటివాళ్లు దోసిలి పట్టి తాగితే వాడికి విడుదల. తాగకపోతే మళ్లీ చెరకే, ఇంకోసారి అడిగే వీలు లేదు. ఎంగిలి నీళ్లు ఒకరికి పోయకూడదు గనక వాడు ముందు తాగి చూపించడానికీ లేదు. రేగుమెట్టలో ఎక్కువ నష్టపోయిన ఇంట్లో మిగిలింది సూరమ ఒక్కతే.

రెండు రోజుల నడక. రెండో రోజు సూరమ ఉన్నట్టుండి చెప్పింది.

"ఆ పొద్దున నేను అమ్మ వెంటే ఉన్నానయ్యా. వాడు బావిగట్టు మీద నిలబడి ఉన్నాడు. అమ్మ బిందె పట్టుకుని 'కాస్త జరుగు నాయనా' అంది. వాడు జరిగాడు. ఒక్క మాటైనా చెప్పలేదు. జరిగి దారిచ్చాడు."

ఆ నీళ్లతో వండిన అన్నం తిని తల్లీ, ఇద్దరు తమ్ముళ్లూ సాయంత్రంలోగా పోయారు. సూరమ ఆ పూట ఒక తమ్ముడితో దెబ్బలాడి, అలిగి, ముద్ద ముట్టలేదు. ఆ అలకే ఆమెను బతికించింది. అప్పటినుంచీ ఎవరు నీళ్లిచ్చినా వాసన చూడకుండా తాగదు. ఆశ్రమంలో అదేదో మడి అనుకుని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. గురువు తలమీద పైపంచె సర్దుకుని నడిచాడు.

రేగుమెట్ట జనం కొత్తబావి చుట్టూ మూగి ఉన్నారు. గట్టిగా మాట్లాడేవాళ్లు లేరు. భటులు గొంకయను తీసుకొచ్చారు. బట్టతల, వంగిన నడుము, చీలమండల దగ్గర పుండ్ల మచ్చలు. ముసలివాడై ఉంటాడు, చూస్తే భయం తగ్గుతుందని సూరమ దారంతా అనుకుంటూ వచ్చింది. తగ్గలేదు. ఆ చేతులు అవే.

అతను నీళ్లు తోడి బిందె గట్టు మీద పెట్టాడు. సంకెళ్లతో పోస్తే ఆచారం చెల్లదని ఊరిపెద్ద అభ్యంతరం చెప్పాడు. భటులు గొంకయను కమ్మరి కొలిమికి తీసుకెళ్లి, సంకెళ్లు కోయించి తెచ్చారు. అంతసేపూ బిందె జనం మధ్యే ఉంది.

సూరమ ఎలాగో ఇది ముగిస్తే చాలనిపించి ముందుకు నడిచింది. గొంకయ బిందెకు అడ్డంగా నిలబడ్డాడు, ఎత్తలేదు. భటుడు గద్దించినా కదల్లేదు. భయంలోంచి ఆమెకు ఒళ్లు మండిపోయే కోపం వచ్చింది. తానే బిందె అందుకోబోతూ "జరుగు!" అంది. తన గొంతులో ఆమెకు తల్లి గొంతు వినబడింది.

"జరగనమ్మా," అన్నాడు గొంకయ. "ఈ నీళ్లు ఇందాక నా కళ్లెదుట లేవు. ఎవరేం కలిపారో ఎలా తెలుస్తుంది? పారబోసి మళ్లీ తోడతాను. అందాకా నరికినా జరగను."

"మేమా విషం కలిపేది!" అని ఊరిపెద్ద మండిపడ్డాడు.

"చెరలోనూ ఇదే గోల," అన్నాడు భటుడు విసుగ్గా. "నీళ్లకుండ దగ్గరే కాపలా కూర్చుంటాడు. మూతలేని కుండ కనబడితే పారబోస్తాడు. ఎన్ని దెబ్బలు తిన్నా మానలేదు."

గొంకయ బిందె బోర్లించి, మూడుసార్లు కడిగి, చూపు తిప్పకుండా మళ్లీ తోడాడు. సూరమ దోసిలి పట్టింది. అలవాటు కొద్దీ వాసన చూసింది. నోట్లోకి తీసుకుంది గాని గుటక పడలేదు. తమ్ముళ్లు గుర్తొచ్చారు. చాలాసేపటికి మింగింది.

విడుదలన్నారు, వెళ్లమన్నారు. గొంకయ వెళ్లలేదు. దూరంగా ఎండలో కూలబడి ఆమె ముఖమే చూస్తూ ఉండిపోయాడు. పొద్దు వాలేదాకా కదల్లేదు. బావిగట్టున కూర్చున్న ఆమె లేచి, మామూలుగా నడిచి, గురువుకు చేతికర్ర అందించడం కళ్లారా చూశాకే లేచి ఊరు దాటాడు.

తిరుగుదారిలో సూరమ ఆగిపోయింది.

"అయ్యా, నా భయం పోలేదు. మింగేటప్పుడు కూడా చచ్చిపోతాననే అనుకున్నాను. మరి అది క్షమ ఎలా అవుతుంది?"

గురువు చెప్పు విడిచి, అందులో చేరిన ఇసుక దులుపుకున్నాడు.

"భయం లేకుండా తాగితే అది ఒట్టి దాహమేనమ్మా," అన్నాడు.