కణితి అడ్డొచ్చిన దారి

నంద్యాల చుట్టుపక్కల ఏ ఇంట్లో చావు జరిగినా, ఇనాయతుల్లా బాబా దర్గా నుంచి ఒకరు వెళ్ళి ఆ ఇంటివాళ్ళ పక్కన కూర్చుని రావడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. బాబాకు వయసు మీదపడ్డాక ఆ పని శిష్యుడు జిలానీకి వచ్చింది.

జిలానీ మనసు వెన్న. చిక్కల్లా నోటితోనే. ఎవరైనా ఏడుస్తూ ఏదైనా అడిగితే చాలు, పెరట్లోకి వెళ్ళి బాబాకు ఫోన్ చేసేవాడు. "బాబా, దేవుడు నా మొగుణ్ణే ఎందుకు తీసుకుపోయినాడని అడుగుతోంది. ఏం చెప్పేది?" గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ గుసగుసలాడే ఇతన్ని చూసి, పాపం ఆ ఇంటివాళ్ళు ఇతనికీ ఎవరో పోయారనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు.

ఈసారి కబురు నల్లమల అవతల నుంచి వచ్చింది. హుసేనమ్మ అనే ఆవిడ ఒక్కగానొక్క కొడుకు లారీ బోల్తాపడి పోయాడు. అప్పటినుంచి ఆమె అన్నం ముట్టడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆ ఊళ్ళో ఫోన్లు పలకవు.

"నేను పోలేను బాబా. ఒక్క మాట తప్పు పడితే ఆ తల్లి ప్రాణం మీదికొస్తుంది. అడుగుదామంటే మీరుండరు," అన్నాడు జిలానీ.

"సగం దూరం నేనూ వస్తాలే. కారు తియ్యి," అన్నాడు బాబా.

ఆ కారు ఒక భక్తుడిది, కొత్తది. జిలానీ ఒకప్పుడు కార్ల షెడ్డులో పనిచేసినవాడు కాబట్టి దాని సంగతులన్నీ తెలుసు. ఘాట్ ఎక్కగానే ఫోన్‌లో సిగ్నల్ పోయింది. జిలానీ మొహంలో కళ కూడా పోయింది.

బాబా మాత్రం హుషారుగా ఉన్నాడు. "తల్లీ, చలి పెడుతోందే," అన్నాడు కారుతో.

"సరే, చల్లగాలి తగ్గిస్తున్నాను," అంది కారు శుభ్రమైన తెలుగులో.

"మాషా అల్లా," అని మురిసిపోయాడు బాబా. "ఇక్కడ టవర్ లేదు కదా. ఇది ఎవర్ని అడిగి చెబుతోంది?"

"ఎవర్నీ అడగదు బాబా. మునుపైతే మన మాట ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లకు పంపి, బదులు కోసం కాచుకునేది. ఇప్పుడు గోరంత చిప్పు లోపలే పెట్టినారు. నేర్చుకున్నదంతా దాంట్లోనే ఉంటుంది. ఫోన్లు, టీవీలు కూడా ఇట్లానే వస్తున్నాయి." చెబుతున్నంతసేపూ జిలానీకి భయం గుర్తురాలేదు. ఆ గోరంత ముక్కంటే అతనికి అంత ముచ్చట.

మలుపు తిరిగారో లేదో, పొదల్లోంచి ఒక కణితి రోడ్డు మీదికి దూకింది. గుర్రమంత జింక. జిలానీ కాలు బ్రేకు దాకా పోకముందే కారు తనంతట తానే ఆగింది. కణితి ఒకసారి వాళ్ళవైపు చూసి లోయలోకి దిగిపోయింది.

బాబా ముందుకు వంగి, పరీక్ష పాసైన పిల్ల తల నిమిరినట్టు కారు డాష్‌బోర్డును నిమిరాడు. "నీకు నేర్పినోళ్ళు ఎవరోగానీ, బాగా నేర్పినారు తల్లీ."

తర్వాత శిష్యుడి వైపు తిరిగాడు. "అడిగి ఆగుదామని ఇది కూడా అనుకుని ఉంటే?"

"బదులొచ్చేలోపు కణితి పోయుండేది బాబా. మనమూ..." అంటూ మధ్యలోనే ఆగిపోయాడు జిలానీ. అతని చెవులు వేడెక్కాయి.

అంతలో ఎదురుగా నంద్యాల బస్సు వచ్చింది. బాబా కారు దిగి చెయ్యెత్తాడు.

"బాబా, ఆ ఇంటిదాకా రండి."

"సగం దూరమే అన్నాను కదా."

"నా నోట తప్పు మాట వస్తే?"

"వస్తే, తిరిగొచ్చి నాకు చెప్పు. అడగనీకి మాత్రం రావద్దు," అని బాబా బస్సెక్కాడు.

హుసేనమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఉన్న చుట్టాలు ఆ పిల్లవాడి పేరు పొరపాటున కూడా పలక్కుండా జాగ్రత్తగా మాట్లాడుకుంటున్నారు. జిలానీ వెళ్ళి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు.

"నీ బిడ్డ పేరేందమ్మా?" అన్నాడు.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆమె పెదాలు కదిలాయి.

"దాదాపీర్," అంది.

ఆ ఒక్క పేరుతో కట్ట తెగింది. వాడి అల్లరి, వాడి చెప్పుల సైజు, పప్పులోకి మామిడికాయ లేకపోతే వాడు పెట్టే పేచీ, అన్నీ ఏడుస్తూనే చెప్పుకుంది. పొద్దుగూకేవేళ కొడుకు కంచంలోనే అన్నం పెట్టించుకుని రెండు ముద్దలు తిన్నది.

జిలానీ తిరిగొచ్చి ఇదంతా చెప్పాడు. బాబా కళ్ళు మూసుకుని విన్నాడు.

"పేరు అడగమని నీకు ఎవరు చెప్పినారు?"

"ఎవర్నీ అడగలేదు బాబా," అన్నాడు జిలానీ. వంగి, బాబా చేతిని కళ్ళకద్దుకున్నాడు.