తలారి లేని రాజ్యం

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో అన్నీ ఉన్నాయి, ఒక్క తలారి తప్ప.

ఏటి ఒడ్డున ఉన్న ఆ రాజధాని పేరు తెప్పలపురం. పంటలు పండేవి, పడవలు తిరిగేవి, రాజు కుందవర్మ వేళకు భోంచేసేవాడు. దోషుల తలలు నరికే ముసలి తలారి పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి కన్నుమూశాడు. ఆ కొలువు ఖాళీ అయిందన్న సంగతే ఎవరికీ పట్టలేదు. చంపవలసిన మనిషి లేనప్పుడు చంపేవాడి ఊసు ఎవరికి కావాలి?

అప్పుడొచ్చింది పోలయ్య గొడవ.

పోలయ్య, గంగయ్య ఇద్దరూ పడవలు నడుపుకునేవాళ్లు. ఒక పెళ్లివారిని ఏరు దాటించే బేరం దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. పోలయ్య చేతిలో తెడ్డు ఉంది. కోపంలో తెడ్డు లేచింది, గంగయ్య తలమీద పడింది. గంగయ్య మళ్లీ లేవలేదు. పోలయ్య పారిపోలేదు, అబద్ధమూ ఆడలేదు. రాజు అంతా విన్నాడు, మరణశిక్ష అన్నాడు, భోజనానికి లేచాడు.

మిగతా పని మంత్రి బొప్పన మెడకు చుట్టుకుంది.

ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉంది. రాజుగారి ముత్తాత పెట్టింది. తలారి కత్తి పట్టే ముందు దోషి ఇంటికి వెళ్లాలి. గడప ముందు నిలబడి, తానెవరో, ఏం చేయబోతున్నాడో తన నోటితో చెప్పాలి. ఆ ఇంటివాళ్లు ఇచ్చిన నీళ్లు తాగాలి. ఆ నీళ్లు గొంతు దిగితే కత్తి అతనిది, దోషి ప్రాణమూ అతనిది. దిగకపోతే కత్తిని ముట్టుకోకూడదు. ముసలి తలారి ఆ నీళ్లు ఎలా తాగేవాడో ఎవరూ అడగలేదు. అతను ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు.

బొప్పన ఊరంతా దండోరా వేయించాడు. తలారి కొలువుకు ఒక్కడూ రాలేదు. కొలువుతో పాటు ఇల్లిస్తామన్నారు, పొలమిస్తామన్నారు. అయినా రాలేదు. రాకపోతే పోనీ, నోరు మూసుకుని ఊరుకున్నారా అంటే అదీ లేదు. పొద్దున లేస్తే చాలు, కోటగుమ్మం ముందు చేరి, పోలయ్యను ఇంకా ఎందుకు బతకనిచ్చారని బొప్పన ప్రాణం తీసేవాళ్లు. పోలయ్య చావాలని అందరికీ ఉంది. చంపే పని మాత్రం పక్కింటివాడిది. బొప్పనకు తల పట్టుకుని కూర్చోవాలనిపించింది.

ఆ గుంపులో అందరికన్నా పెద్ద గొంతు గురవసెట్టిది. బజారుకంతా పెద్ద అతను. చంపినవాణ్ణి చంపకపోతే రేపు ప్రతివాడూ తెడ్డు ఎత్తుతాడనీ, ధర్మం ఏట్లో కలుస్తుందనీ రోజూ ఉపన్యాసం చెప్పేవాడు. ఒకనాడు బొప్పనకు ఓపిక నశించింది. ధర్మం మీద ఇంత ప్రేమ ఉంది కనక ఈ ఒక్కపూటకూ మీరే తలారి కండి సెట్టిగారూ అన్నాడు. నలుగురిలో కాదనలేక సెట్టి బయలుదేరాడు.

పోలయ్య తల్లి అంకమ్మ గుడిసె రేవు పక్కనే. సెట్టి గడప ముందు నిలబడి, చెప్పవలసిన మాటలు సగం మింగి సగం చెప్పాడు. అంకమ్మ మారుమాట్లాడకుండా ముంతతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. సెట్టి ముంత వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. ఇవాళ ఉపవాసమని ఇప్పుడే గుర్తొచ్చిందన్నాడు. అలా అన్న మూతి చివర పొద్దున తిన్న బూరెల నెయ్యి ఇంకా మెరుస్తూనే ఉంది.

ఈ సంగతి విని సేనాపతి పగలబడి నవ్వాడు. ఎన్ని యుద్ధాలు చూశాడో, ఎన్ని తలలు నరికాడో అతనికే లెక్క తెలియదు. కొట్టు నడుపుకునేవాణ్ణి పంపితే ఇలాగే ఉంటుందని మీసం దువ్వుకుంటూ, బొప్పనను వెంటబెట్టుకుని వెళ్లాడు. తానెవరో, ఏం చేయబోతున్నాడో రేవంతా వినబడేట్టు చెప్పాడు. అంకమ్మ ముంత తెచ్చింది. సేనాపతి దాన్ని పెదవుల దాకా ఎత్తాడు. అక్కడ ఆగిపోయాడు. ముంత కింద పెట్టేశాడు.

"యుద్ధంలో అవతలివాడి చేతిలోనూ కత్తి ఉంటుంది మంత్రిగారూ," అని, తప్పంతా బొప్పనదే అయినట్టు మొహం చిట్లించాడు. "ఇక్కడ ఈ ముసలమ్మ చేతిలో ముంత ఉంది."

మరి బొప్పనే ఆ నీళ్లు తాగవచ్చు కదా అని మీరు అడుగుతారు. బొప్పన మాత్రం ఆ ప్రశ్న తనకు తాను వేసుకోలేదు. ఇంకొకరి చేత పని చేయించడం మంత్రులకు అంతగా అలవాటైపోతుంది.

రెండోసారి కూడా నీళ్లు మిగిలాయని తెలిసి రాజుకు ఒళ్లు మండింది. నా రాజ్యంలో ముంతెడు నీళ్లు తాగే మొనగాడే లేడా అని తానే లేచాడు. రాజు కదిలితే ఊరు కదలదా? అందరూ వెనక పడ్డారు. అంకమ్మ ఎదురొచ్చింది. రోజుకొకరు రావడం, నీళ్లడగడం, తాగకుండా పోవడం చూసి చూసి ఆమెకూ విసుగొచ్చింది. నీళ్లు మోసుకొచ్చేది నేనే కదా, ఈ పారబోతేమిటని సణుగుతూనే ముంత నింపింది. రాజు గడప ముందు నిలబడి, తానెవరో, ఏం చేయబోతున్నాడో చెప్పి చేయి చాచాడు.

ముంత అందిస్తూ అంకమ్మ అతని మొహంలోకి చూసింది.

"నా కొడుకు తప్పు చేశాడు బాబూ. చెయ్యలేదని నేననను. ఒక్కటే అడుగుతా. ఒక్క దెబ్బతో అయిపోయేట్టు కొట్టు. చిన్నప్పట్నించీ వాడు దెబ్బకు తాళలేడు."

రాజు నీళ్లు నోట్లో పోసుకున్నాడు. అవి గొంతు దిగలేదు. పక్కకు తిరిగి ఇసుకలో ఉమ్మేసి, బొప్పన వైపు చూశాడు.

గుంపు గుసగుసలాడింది. అయితే పోలయ్యను వదిలేస్తారా? గంగయ్య ప్రాణానికి విలువే లేదా? గుంపు మీద బొప్పనకున్న విసుగు సంగతి అటుంచితే, ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి అతనికి అప్పుడే తట్టింది. ఇన్నాళ్లూ సెట్టిని అడిగాడు, సేనాపతిని అడిగాడు, దండోరా వేయించి ఊరందరినీ అడిగాడు. గంగయ్య భార్య నూకాలును ఒక్క మాట అడగలేదు. ఆమె ఇంటికి బియ్యం బస్తా పంపించి, ఆ పని అయిపోయిందనుకున్నాడు.

ఆ నూకాలే గుంపును తోసుకుంటూ ముందుకొచ్చింది. గడప ముందు నిలబడింది.

"నేను గంగయ్య పెళ్లాన్ని. నీ కొడుకును చంపడానికొచ్చాను. నీళ్లియ్యి."

సెట్టికీ, సేనాపతికీ, రాజుకూ తొణక్కుండా నీళ్లిచ్చిన అంకమ్మకు చేతులు ఆడలేదు. కుండ దగ్గరే నిలబడిపోయింది. నూకాలు లోపలికి వెళ్లి, ముంత అందుకుని, తానే ముంచుకుంది. చుక్క మిగలకుండా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

ఊరికి తలారి దొరికింది.

కట్టడి ప్రకారం రాజు తన చేత్తో కత్తి ఆమెకిచ్చాడు. పోలయ్యను చెరసాల నుంచి రేవుకు తెచ్చి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. అతను తల వంచి కళ్లు మూసుకున్నాడు. అంకమ్మ గడప మీద కూలబడింది. నూకాలు రెండు చేతులతో కత్తి ఎత్తింది. ఆ కత్తి దించగలదని చూసినవాళ్లందరికీ తెలుసు.

కత్తి అలాగే ఎత్తి పట్టుకుని ఆమె గుంపు వైపు తిరిగింది.

"సెట్టిగారూ, నేనిది దించితే మా ఆయన సాయంత్రానికి ఇంటికొస్తాడా?"

సెట్టి తల దించుకున్నాడు. అదే మాట సేనాపతిని అడిగింది. అతను ఏటి వైపు మొహం తిప్పుకున్నాడు. రాజును అడిగింది.

"రాడు," అన్నాడు రాజు.

"మరి ఇంత అరుపు ఎవరికోసం అరిచారు? నాకోసమైతే నన్నొక్కరన్నా అడిగారా?"

నూకాలు కత్తి దించి ఇసుకలో గుచ్చింది.

"ఈ ప్రాణం నాదని మీ కట్టడే చెప్పింది. నాదైతే నాకు పనికిరావాలి. వీడి శవం నేనేం చేసుకోను? మా ఆయన పడవ కట్టేసినచోటే ఎండుతోంది. నా పిల్లలు ఎదిగిందాకా వీడు దాన్ని నడపాలి. రాబడి నా ఇంటికి రావాలి. చీకటి పడితే చెరసాలకు పోవాలి, తెల్లారితే వచ్చి నా మొహం చూడాలి. నేను క్షమించలేదు. క్షమిస్తానని ఎవరూ ఎదురుచూడొద్దు."

రాజు సరేనన్నాడు. ఆ మాటతో పోలయ్య ఏడ్చాడు. కత్తి కింద కూర్చున్నప్పుడు కూడా ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు.

అయినా సెట్టికి నాలుక ఊరుకుంటుందా? ఇదీ ఒక శిక్షేనా, రేపు ఊళ్లో ఎవరికి భయముంటుంది అని వెనక నుంచి మొదలుపెట్టాడు. బొప్పనకు ఇక విసుక్కునే ఓపిక కూడా మిగల్లేదు.

"ముంత అక్కడే ఉంది సెట్టిగారూ," అన్నాడు. "కుండలో నీళ్లూ ఉన్నాయి."

సెట్టికి బజారులో ఏదో పని గుర్తొచ్చింది.

ఆ తర్వాత అంకమ్మ గుడిసె ముందు నుంచి వెళ్లినప్పుడల్లా బొప్పన చూపు ఆ ముంత మీద పడేది. తాను దాన్ని ఎత్తగలిగేవాడా అని తనను తాను అడిగేవాడు. ఒక్కసారీ అవునని చెప్పుకోలేకపోయాడు. తలారి కోసం మళ్లీ దండోరా వేయించలేదు. ఆ కొలువు అలాగే ఖాళీగా ఉండిపోయింది.

పోలయ్య ఎండల్లో, వానల్లో గంగయ్య పడవ నడిపాడు. రోజూ పొద్దున నూకాలు రేవుకొచ్చి నిలబడేది. అతను ఆమె మొహం చూసి, తల వంచుకుని తెడ్డు అందుకునేవాడు. ఆమె ఏనాడూ అతనితో మాట్లాడలేదు. గంగయ్య పిల్లలు ఆ రాబడితోనే పెరిగి పెద్దవాళ్లయ్యారు. ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో నూకాలు ఇంటికి పోతూ పోతూ అంకమ్మ గడప దగ్గర ఆగి, ముంతెడు నీళ్లు అడిగి తాగేది.

కనక ఒకరి ప్రాణం తీయమని కోరే ముందు, ఆ పని తన చేత్తో చేయగలడా, చేసినా పోయినవాడు తిరిగొస్తాడా అని ప్రతివాడూ తనను తాను అడగాలి.