తోపుడు మర్యాద

గుమ్మడికోట రాజావారికి పొద్దున్నే కోపం వచ్చింది. రాజులకి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు గానీ, ఆ రోజు మాత్రం నిజంగానే కారణముంది. ముందురోజు పొరుగు రాజు చూస్తుండగా ఆయన బండి కొండదారిలో ఆగిపోయింది.

బండి అంటే డీజిల్ పికప్పు. పట్టపుటేనుగు పోయాక కొన్నారు. ఏనుగు మీది అంబారీని ఊడదీసి దీని వెనక బిగించారు. గొడుగూ చామరాలూ మామూలే. ఏనుగు చెరుకు తినేది, ఇది ఇంజన్ ఆయిలు తాగుతుంది, అంతే తేడా.

ఇప్పుడిదీ ముసలిదైపోయింది. తాళం తిప్పితే దగ్గుతుందే గానీ లేవదు. తొయ్యాలి. తోస్తే లేచి కోటంతా పొగబెడుతుంది.

రాజావారి బండిని ఎవడు పడితే వాడు తొయ్యకూడదు కదా! అందుకని దానికీ ఓ మర్యాద పుట్టింది. వెనక డోరు కుడి మూల మంత్రి జగ్గరాజుగారిది. ఎడమ మూల సేనాపతిది. మధ్యలో పండితులూ కవులూ. చోటు మిగిలితే ఆ చివర గవరయ్యా, గుర్రాలశాల వాళ్లూ. ఏటా దసరాకి పెద్దలకి తోపుడు శాలువాలు. ఆ కుడి మూల పక్క చోటు కోసం ఇద్దరు సర్దార్లు మాటలు మానుకున్నారంటే చూసుకోండి!

గవరయ్య రాజావారికి తాంబూలం అందించేవాడు. కాస్త నోరెక్కువ. బండి తోసేటప్పుడు ఏం జరుగుతుందో వాడికి బాగా తెలుసు. మంత్రిగారు ఉంగరాల చెయ్యి డోరుకి ఆనించి "హైలెస్సా" అంటారు. కవిగారు పద్యం ఎత్తుకుంటారు. సేనాపతి మీసం సర్దుకుంటాడు. నడుం విరిగేది గవరయ్యకి.

"దసరా ఊరేగింపులో ఈ బండి మళ్లీ ఆగిందో, ఒక్కొక్కడి సంగతీ చెప్తా!" అని రాజావారు సభలో గర్జించారు. "ఏమిట్రా దీని జబ్బు?"

డ్రైవరు పోలినాయుడు చేతులు కట్టుకున్నాడు. "ఏలినవారు మన్నించాలి. ఇంజను బోరుకొచ్చింది. లోపలంతా అరిగిపోయింది. విప్పి బాగుచేయించాలి, లేదా ఇంజనే మార్చెయ్యాలి."

సభంతా గతుక్కుమంది. ఇంజను బాగుపడితే తోసేదేముంది? తోపుడే లేకపోతే కుడి మూలేది, శాలువాలేవి?

జగ్గరాజుగారు లేచారు. "ప్రభూ! ఆ ఇంజను వజ్రం. రోజూ తోస్తున్నవాణ్ణి, నాకు తెలీదా? పూలబుట్టలా కదులుతుంది. లోపమంతా వీడి హస్తవాసిలో ఉంది."

"ఔనౌను!" అంది సభ.

"అయితే ఇంజను జోలికి పోవద్దు. ఎల్లుండి నుంచి కొత్త డ్రైవరు. వీడు కోటలో ఇల్లు ఖాళీ చెయ్యాలి," అనేశారు రాజావారు.

గవరయ్య కడుపు మండిపోయింది. పోలినాయుడు వాడి చెల్లెలి మొగుడు. చెల్లెలింకా పచ్చి బాలింతరాలు. ఆ పసిగుడ్డుతో ఏ చూరు కింద తలదాచుకుంటుంది? మనసులో మంత్రిగారిని నాలుగు తిట్టుకుని, మొహానికి నవ్వు పులుముకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, తప్పు మా బావదే!"

పోలినాయుడు నోరు తెరిచాడు.

"కానీ పూలబుట్టలాంటి బండిని ఇంతమంది తొయ్యడమేమిటి ప్రభూ? మంత్రిగారికెంత చిన్నతనం! రేపటి సవారీకి కుడి మూలా, ఎడమ మూలా, మధ్యా, మొత్తం మర్యాదంతా వారొక్కరికే ఇప్పించండి. మేమంతా చూసి తరిస్తాం."

సేనాపతి మొహం మాడిపోయింది. మంత్రిగారు మాత్రం పొంగిపోయారు. పాపం, ఇన్నేళ్లుగా బండి తన చేత్తోనే కదులుతోందని ఆయన నిజంగానే నమ్ముతున్నారు!

"ప్రభువుల చిత్తం," అన్నారు సిగ్గుపడుతూ.

మర్నాడు జగ్గరాజుగారు జరీ తలపాగాతో వచ్చారు. ఊరంతా చూడ్డానికొచ్చింది. రాజావారు అంబారీ ఎక్కారు. పోలినాయుడు తాళం తిప్పాడు. బండి దగ్గి ఊరుకుంది.

మంత్రిగారు ఉంగరాల చెయ్యి ఆనించారు. "హైలెస్సా!"

బండి కదల్లేదు. రెండో చెయ్యి కూడా వేశారు. భుజం పెట్టారు. వెనక్కి తిరిగి వీపు పెట్టారు. తలపాగా జారి ముక్కు మీదికొచ్చింది. చెప్పులు ఇసకలో జర్రున జారాయి.

"బయల్దేరామా?" అని పైనుంచి రాజావారు అడిగారు.

"ఇదిగో... ప్రభూ... ఇదిగో..."

"అంత కష్టపడకండి మంత్రిగారూ," అన్నాడు గవరయ్య ఆకులకి సున్నం రాస్తూ. "రోజూ ఆనించినట్టే ఆనించండి."

జాలిపడి సేనాపతి చెయ్యి చాపాడు. గవరయ్య అడ్డం పడ్డాడు. "అయ్యయ్యో! పరాయి మర్యాద మీద చెయ్యేస్తారా?"

ఎండెక్కింది. మంత్రిగారు నేల మీద చతికిలబడ్డారు.

"ప్రభూ, నా వల్ల కాదు! ఇంజను బోరుకొచ్చింది! మార్చెయ్యండి, ఇవాళే మార్చెయ్యండి!"

రాజావారు అంబారీలోంచి వంగి చూశారు. "నిన్న వజ్రమన్నారే? మరి లోపం డ్రైవరుది కాదా?"

"కాదు మహాప్రభో! అతను బంగారం!"

"ఒరే గవరయ్యా! ఇన్నేళ్లు తోసిన మనిషికి ఈ బరువు ఇవాళే తెలిసిందేమిట్రా?"

గవరయ్య తాంబూలం అందించి అన్నాడు:

"వారెప్పుడూ కుడి మూల పట్టుకునేవారు ప్రభూ. బరువు మా చివర ఉండేది."

రాజావారు అంబారీ ఊగిపోయేలా నవ్వారు. ఊరంతా నవ్వింది. ఇంజను మార్చమని అక్కడికక్కడే ఆజ్ఞ అయింది. పోలినాయుడి ఇల్లు పోలినాయుడికే మిగిలింది. తర్వాత దసరాకి కుడి మూల శాలువా రాజావారు గవరయ్యకే ఇచ్చారు, వాడు దాన్ని తీసుకెళ్లి మేనకోడలికి పొత్తిగుడ్డగా పరిచాడు.

"మరి ఇవాళ్టి సవారీ ఎలారా?" అన్నారు రాజావారు కళ్లు తుడుచుకుంటూ.

"అందరం తోద్దాం ప్రభూ. ఈసారి నిజంగా."

రాజావారు కళ్లెర్రజేసి చూస్తుంటే ఎవడు ఆనించి ఊరుకుంటాడు? ఒక్క తోపుకే బండి లేచింది, మంత్రిగారి నుంచి కవిగారి దాకా అందరి మొహాలకీ సమానంగా మసి పూసి వెళ్లిపోయింది.