జెకర్యా మాస్టారి డౌన్ మెయిల్

మా గురువు సోమేశ్వరం గారిని ప్రశ్న అడగడం తేలిక, జవాబు రాబట్టడం కష్టం. ఎవరేమడిగినా ముందు పొడుం డబ్బా వెతుక్కునేవారు. అది దొరికేలోపు అడిగినవాడికి తన ప్రశ్న మీద తనకే అనుమానం పుట్టేది. సగం మంది అక్కడే విరమించుకునేవారు. మిగిలిన సగానికి ఆయన వాదించి ఏదీ చెప్పేవారు కాదు. ఎప్పుడో ఎక్కడో తాను చూసిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. అర్థమైతే సరే, కాకపోతే మర్నాడు మళ్ళీ సరళీ స్వరాల దగ్గరికి పొమ్మనేవారు. నేను ఆయన దగ్గర పదకొండేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. సరళీ స్వరాల దగ్గరికి చాలాసార్లు వెళ్ళాను.

ఆ రోజు అడిగినవాడు విశ్వపతి. మా అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు, ఆ సంగతి మాకంటే ముందు తనకే తెలిసినవాడు. విశాఖపట్నంలో ఏటా జరిగే ఒక సంగీతోత్సవంలో అతనికి కచేరీ ఇచ్చారు. ఇచ్చారన్న మాటే గాని, సాయంత్రం నాలుగింటికి ఇచ్చారు. ఆ వేళకి హాల్లో కుర్చీలు సర్దేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. ఆహ్వానపత్రం మీద పెద్ద విద్వాంసుల పేర్లు ఫొటోలతో సహా వేసి, ఇతని పేరు అడుగున చీమలబారులా వేశారు. కచేరీ ఎల్లుండి. తాను రావడం లేదని ఉత్తరం రాసుకుని, పంపించే ముందు గురువుగారికి చూపించడానికి వచ్చాడు. ఉత్తరం చాలా బాగుంది. అంత బాగా రాయాలంటే కనీసం రెండు పూటల సాధన మాని ఉండాలి.

"పన్నెండేళ్ళు కష్టపడ్డాను గురువుగారూ. కళాకారుడన్నవాడికి ఆత్మగౌరవం ఉండాలా, అక్కర్లేదా? మీరే చెప్పండి," అన్నాడు.

ఆ రోజు పొడుం డబ్బా వెంటనే దొరికింది. అది మంచి శకునం కాదని నాకు తెలుసు.

"ఉండి తీరాలి," అన్నారు గురువుగారు. "కూర్చో."

ఆయన చెప్పింది ఇది.

గురువుగారికి అప్పుడు ముప్ఫై ఏళ్ళు. వాల్తేరు రైల్వే కాలనీలో ఒక స్టేషను మాస్టరు గారి పిల్లలకి వయొలిన్ చెప్పేవారు. ఆ కాలనీలో క్లబ్బు ఒకటి ఉండేది. అందులో శనివారం సాయంత్రాలు జాజ్ సంగీతం వాయించేవారు. స్టేషను మాస్టరు గారు బలవంతం చేస్తే ఒకసారి మొహమాటానికి వెళ్ళి, తరవాత ఎవరూ బలవంతం చేయకుండానే వెళ్ళడం మొదలుపెట్టారు. మన కచేరీలో పల్లవి ఎత్తుకున్నాక మనోధర్మం కొద్దీ అల్లుకుపోతారే, ఆ పద్ధతి వాళ్ళకీ ఉంది. పాట ఒకసారి అందరూ కలిసి వాయించి, ఆ తరవాత ఆవర్తం మీద ఆవర్తం ఒక్కొక్కరూ తమ వంతు వచ్చినప్పుడు తోచినట్టు వాయిస్తారు. చివర మళ్ళీ అందరూ పాటలోకి వస్తారు.

అక్కడ వాయించేది ముగ్గురు. నెవిల్ అనే కుర్రవాడిది ఆర్గను. మిగతా ఇద్దరిదీ గిటారు, డ్రమ్ములు. ఆర్గను అంటే చర్చిలో ఉండేదాని చెల్లెలే గాని, ఇది కరెంటుతో పలుకుతుంది. చేతులకి రెండు వరసల మెట్లు, కాళ్ళకి ఒక వరస. పాట కింద నడిచే మంద్రస్వరమంతా నెవిల్ ఎడమకాలిదే. బూట్లు విప్పేసి మేజోళ్ళతో తొక్కేవాడు.

ఆ ముగ్గురికీ తోడు ఒక సాయంత్రం జెకర్యా మాస్టారు వచ్చాడు. రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. తండ్రి పెళ్ళిళ్ళకి బ్యాండు వాయించేవాడు. ఆయన దగ్గరే చిన్నప్పుడు శాక్సఫోన్ పట్టాడు. సెలవు పెట్టుకుని కలకత్తా హోటళ్ళలో వాయించాడు, మద్రాసు వెళ్ళి సినిమా రికార్డింగుల్లో వాయించాడు. ఆయన ఊదిన ముక్కల్ని ఊరంతా ఈలవేసేది. ఊదిందెవరో ఆ ఈలవేసేవాళ్ళకి తెలియదు. ఎక్కడికి వెళ్ళినా ఆయన బతుకు కూరలో కరివేపాకే.

పైగా అంతకు మూడు నెలల ముందు, క్రిస్మస్‌కి వాయిస్తూ వాయిస్తూ దగ్గు తెర వచ్చి పాట మధ్యలో దిగిపోయాడు. ముప్ఫై ఏళ్ళు పీల్చిన బొగ్గుపొగ ఊరికే పోతుందా! ముసలాయన పనైపోయిందని క్లబ్బులో అనేసుకున్నారు. నెవిల్ ఒప్పుకోలేదు. చిన్నతనంలో జెకర్యా ఇంటి గోడ పక్కన నిలబడి విని విని సంగీతం పట్టినవాడు వాడు. కమిటీ వాళ్ళని బతిమాలి ఒక్క సాయంత్రం అడిగాడు. బాగా జరిగితే ఇకనుంచి ప్రతి శనివారం జెకర్యా తమతో వాయిస్తాడు. మళ్ళీ మధ్యలో ఆగిపోయాడా, ఆ ఊళ్ళో ఏ వేదికా ఆయన్ని మరి పిలవదు. ఈ లెక్క జెకర్యాకీ తెలుసు.

పోస్టరు మీద ముగ్గురి పేర్లూ వేసి, కింద 'మరొకరు' అని వేశారు. వేదిక మీద చోటు చాలక ఆయన్ని వంటగది తలుపు దగ్గర, దీపం వెలుగు పడని మూల నిలబెట్టారు. క్లబ్బు సెక్రటరీ మైకు పుచ్చుకుని, "మన లోకోషెడ్డు జెకర్యా కూడా వచ్చాడు, క్లారినెట్టు వినిపిస్తాడు," అన్నాడు. చేతిలో నిగనిగలాడుతూ అంత పెద్ద శాక్సఫోన్ కనబడుతూనే ఉంది.

ఇక్కడ విశ్వపతి ఆగలేకపోయాడు. "ఊరుకున్నాడా?"

"ఊరుకున్నాడు," అన్నారు గురువుగారు. "ఆ వాయిద్యానికి రీడు అని పల్చటి వెదురుబద్ద లాంటిది ఉంటుంది. వాయించే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని తడుపుకోవాలి. ఆ పనిలో ఉన్నాడు. నోరు ఖాళీ లేదు."

మొదట రెండు పాటలు ఆ ముగ్గురూ వాయించారు. మూడోది జెకర్యా పాట. పాతికేళ్ళ కిందట లోకోషెడ్డులో ఉండగా తనే కట్టుకున్నాడు. దానికి 'డౌన్ మెయిల్' అని పేరు పెట్టుకున్నాడు. చిన్న స్టేషన్లలో ఆగకుండా దుమ్ము లేపుకుంటూ పోయే మెయిలు బండి అన్నమాట. వాళ్ళలో ఆచారం ఏమిటంటే, పాట ఎత్తుకునే ముందు ఒకరు చిటికెలు వేస్తూ నాలుగు లెక్కపెడతారు. ఆ లెక్క ఎంత వేగంలో ఉంటే పాట చివరిదాకా అదే వేగం. మధ్యలో మార్చడానికి ఎవరికీ హక్కు లేదు. పాట ఎవరిదైతే వాళ్ళే లెక్కపెట్టడం మర్యాద.

ఆ రోజు నెవిల్ లెక్కపెట్టాడు. మాస్టారికి ఆ శ్రమ కూడా ఎందుకనుకున్నాడు కాబోలు. పెట్టేటప్పుడు వేగం తగ్గించి పెట్టాడు. వాడి ఉద్దేశంలో దోషం లేదు. ముసలి ఊపిరి, ఈ వేగమైతే గండం గడుస్తుంది, శనివారాలు దక్కుతాయి అనుకున్నాడు. హాల్లో ఉన్నవాళ్ళెవరికీ అది తెలియదు కూడా. నెమ్మదిగానే అయినా వినడానికి కమ్మగా ఉంది. ఒకరిద్దరు తలలు ఊపుతున్నారు.

జెకర్యా సగం ఆవర్తం వాయించాడు. శాక్సఫోన్ దించాడు. చెయ్యెత్తాడు.

పాట ఆగిపోయింది. దగ్గు వచ్చిందనుకుని సెక్రటరీ కుర్చీలోంచి లేచాడు. స్టేషను మాస్టరు గారు, "అయిపోయింది పాపం," అని గురువుగారి చెవిలో అన్నారు. జెకర్యా మూలలోంచి వెలుగులోకి వచ్చి ఆర్గను దగ్గర నిలబడ్డాడు.

"ఏటి బాబూ, మెయిలుని పాసింజరు సేసీసేవేటి?"

"మీ ఊపిరి కోసమే మాస్టారూ," అన్నాడు నెవిల్ మెల్లగా.

"ముసిలోణ్ణి నాను. పాట కాదు. ఊపిరి సంగతి నాను సూసుకుంతాను."

ఇక చిటికెలు వేయలేదు. చెక్క వేదిక మీద మడమతో నాలుగు దెబ్బలు కొట్టాడు. ఆ వేగంలో పాతికేళ్ళ కుర్రవాడికే వేళ్ళు తడబడతాయి. నెవిల్‌కి ఆలోచించుకునే వ్యవధి లేదు, ఎడమకాలు పరుగెత్తవలసిందే, పరుగెత్తింది. గిటారూ, డ్రమ్ములూ వెనకాల ఉరికాయి.

మొదటి ఆవర్తం వెళ్ళిపోయింది. రెండోది వెళ్ళిపోయింది. కమ్మగా ఉందని తలలు ఊపినవాళ్ళు ఊపడం మానేసి ముందుకి వంగి కూర్చున్నారు. అంతసేపూ కూర్చుని వాళ్ళు విన్నది ఈ పాట కాదని వాళ్ళకే తెలిసిపోయింది. మూడో ఆవర్తంలో జెకర్యా మెడనరాలు పొంగాయి. నాలుగోదానికి ఊపిరి చాలడం లేదని వెనక వరస దాకా తెలిసింది. నెవిల్ భయపడ్డాడు. కాలు ఒక వెంట్రుకవాసి వెనకబడింది. జెకర్యా అటు తిరిగి వాడి కాలికేసి చూస్తూ మడమతో ఒక్కటి కొట్టాడు. కాలు మళ్ళీ దారిలో పడింది.

అప్పుడాయన చేసింది గురువుగారు మాకు చేత్తో చూపించారు. పొడుగు వరసలు మానేశాడు. నాలుగు స్వరాలు, ఒక గుక్క గాలి. మూడు స్వరాలు, ఒక గుక్క. చివరి ఆవర్తంలో ఒక్కొక్కటే. ఎన్ని వదిలేశాడో వదిలేశాడు గాని, వాయించిన ప్రతి స్వరం పడవలసిన చోటే పడింది. వేగం ఆవగింజంత తగ్గలేదు. పాట ముగింపు నలుగురూ ఒక్క దెబ్బలో పట్టుకున్నారు.

తరవాత జెకర్యా కుర్చీలో కూర్చుని దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా హాల్లో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆగాక కొట్టారు చూడండి, అన్నారు గురువుగారు. అది చెబుతున్నప్పుడు ఆయన నిటారుగా కూర్చున్నారు.

"ఆయన నాకు చుట్టమా పక్కమా? నా కులవిద్యా కాదది, నా సంగీతమూ కాదు. కాని నేనూ వాయిద్యం పట్టుకున్నవాణ్ణే కదా అనుకుంటే ఆ రోజు నా ఛాతీ పొంగిపోయిందిరా. అంత గర్వం నాకు సన్మానం జరిగిన రోజున కూడా కలగలేదు."

నెవిల్ కళ్ళు తుడుచుకుని, తరవాతి పాటకి ఈసారి తప్పు చేయకూడదని దడదడ చిటికెలు వేయబోయాడు. జెకర్యా వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"నెమ్మది, నెమ్మది. ఇది జోలపాట బాబూ. పిల్లలు లెగిసిపోతారు."

హాలంతా నవ్వింది. ఆయన ఆ జోలపాట ఎంత నెమ్మదిగా వాయించాడంటే, ముందటి పాట ఊదిన నోరేనా ఇది అనిపించిందట. కచేరీ అయ్యాక సెక్రటరీ వచ్చి, ప్రతి శనివారం రావాలి అని తనే అడిగాడు. ఈసారి కూడా క్లారినెట్టు అనే అన్నాడు. జెకర్యా సరేనని, శాక్సఫోన్ని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టుకుని, వంటగది తలుపులోంచే ఇంటికి వెళ్ళాడు.

గురువుగారు అక్కడికి ఆపేశారు. విశ్వపతి చేతిలో ఉత్తరం మడత విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఆఖరికి ఉండబట్టలేక అడిగాడు.

"మరి ఆ పై శనివారం నుంచయినా పోస్టరు మీద ఆయన పేరు వేశారా గురువుగారూ?"

"ఏమోరా, నేను చూడలేదు," అన్నారు గురువుగారు. "ఎల్లుండి మొదటి కీర్తన ఏ కాలంలో, ఎంత వేగంలో ఎత్తుకుంటున్నావో, అది చెప్పు."