చిట్టెమ్మ పేరిట నాలుగు వందల చీటీలు

అనగనగా ఒక మాట; ఊకొడితే సాగుతుంది, మానితే ఆగుతుంది. కాకినాడలో వెబ్‌సైట్లు తయారుచేసే ఒక చిన్న కార్యాలయంలో, తన ఎదుట మరొకరిని మెచ్చుకుంటే ఓర్వలేని హైమవతి అనే ఉద్యోగిని ఉండేది.

ఒకసారి వారికి ఉచిత కంటి శిబిరం వెబ్‌సైటు పని వచ్చింది. ప్రతి రోగికీ పేరు, వేళ, శస్త్రచికిత్స చేయవలసిన కన్ను చూపే చీటీ అందాలి. ఒక రోగి వివరాలన్నీ కలిపి ఉంచే మూటను ఆ పనివారు ఆబ్జెక్టు అంటారు. హైమవతి ఒక్కొక్క ఆబ్జెక్టునూ చేత్తో రాస్తూ మూడు రోజుల్లో నలభై పూర్తిచేసింది. కొత్తగా చేరిన నూకరత్నం, కంప్యూటరు ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసేందుకు వాడే ఫంక్షన్ అనే ఆదేశాల మూసను ఎనిమిది వరుసల్లో రాసింది. వివరాలు అందించిన ప్రతిసారీ అది ఒక కొత్త ఆబ్జెక్టును చేసి ఇచ్చేది. నాలుగు వందల మంది పని క్షణంలో ముగిసింది.

యజమాని సూర్యారావు గారు సంతోషించి, "శిబిరం సవ్యంగా జరగనివ్వండి. ఆపైన ఈ విభాగానికి పెద్ద ఎవరో చెబుతాను" అన్నారు. ఆరేళ్లుగా ఆ పదవికి ఎదురుచూస్తున్న హైమవతికి ఆ పూట అన్నం సహించలేదు.

"ఎనిమిది వరుసలు రాసి ఎనిమిది ఊళ్లు ఏలినట్లు నడుస్తోంది!" అని గొణిగింది.

నూకరత్నం విని నవ్వింది. "ఎలా రాశానో చూపించనా అక్కా?"

"నీ దగ్గర ఓనమాలు దిద్దే ఖర్మ నాకింకా పట్టలేదు."

ఆ కార్యాలయంలో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరు రాసినదాన్ని మరొకరు మారిస్తే, మొదట రాసినవారికి చూపిన తరువాతే సైటులో పెట్టాలి. శిబిరానికి ముందు రోజు హైమవతి నూకరత్నం రాసినదాన్ని తెరిచింది; ఆమెకు మాత్రం చూపలేదు. ఖాళీ ఆబ్జెక్టును చేసే వరుస ఫంక్షన్ లోపల ఉండడం చూసి, "ప్రతిసారీ కొత్తది ఎందుకు? ఒక్కసారి చేస్తే చాలదా?" అనుకుని దాన్ని బయట పెట్టింది. ఒక్క రోగి పేరుతో పరీక్షించింది. చీటీ చక్కగా వచ్చింది. "ఆ పిల్ల రాసినదాన్ని నేనే సరిదిద్దానండి" అని యజమానికి చెప్పుకుంది.

శిబిరం నాడు ఉదయం, అక్కడికే వచ్చిన కార్యాలయం వారి ఎదుట చీటీలు అచ్చయ్యాయి. నాలుగు వందల చీటీల మీదా ఒకే పేరు ఉంది: పాలపర్తి చిట్టెమ్మ, ఎడమ కన్ను. అందరికీ కలిపి ఉన్నది ఒకే ఆబ్జెక్టు. వెనుక వచ్చినవారి వివరాలు ముందువారివి చెరిపివేయగా, చివర నమోదైన చిట్టెమ్మ మాత్రమే మిగిలింది.

"ఏవమ్మా, నేను చిట్టెమ్మనా? మీసం తీయించుకుని రమ్మంటారా?" అన్నాడు బుర్రమీసాల తాత ఒకడు. జనం గొల్లుమన్నారు. వైద్యుడు నవ్వలేదు. "ఈయనకు పొర వచ్చింది కుడి కంటికి. ఇది నమ్మి మంచి కంటికి కత్తి పెట్టి ఉంటే?" అని శిబిరం ఆపించాడు.

సూర్యారావు గారు హైమవతి వైపు తిరిగారు. "నిన్న దిద్దింది మీరే కదమ్మా. ఇప్పుడూ దిద్దండి."

ఆమె తెర మీది వరుసలన్నీ వెతికింది; తప్పు ఎక్కడుందో పట్టుకోలేకపోయింది. నూకరత్నం వచ్చి ఆ ఒక్క వరుసను తిరిగి లోపల పెట్టింది. కొత్త చీటీలు అందేసరికి ముసలివారు ఎండలో సొమ్మసిల్లి ఉన్నారు.

"అడిగితే చెప్పేదాన్ని కదక్కా."

"అడిగితే నువ్వు నాకంటే పెద్దదానివి అవుతావనుకున్నాను" అన్నది హైమవతి తల వంచుకుని.

ఆ సాయంత్రం విభాగం పెద్దరికం నూకరత్నానికి దక్కింది.

ఒకరి నేర్పును ఓర్వలేనివారు దానిని నేర్చుకోలేరు. నేర్వనిదానిని దిద్దబోతే చెరుపే మిగులుతుంది. ఈ కథను నాకు మొదట చెప్పినది పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు బోధించిన మా అమ్మమ్మ, పుల్లాభొట్ల శాంకరి.