పద్నాలుగు పాదాల గద్ద

ఇన్నయ్యకి ఒకటే దిగులు. దేవుడు ఊరందరికీ పంచాల్సిన తెలివి పొరపాటున తమ ఇంట్లోనే కుమ్మరించి పోయాడే, పాపం మిగతా జనం ఎలా బతుకుతున్నారో అని. తమ్ముడు జోజికీ అదే దిగులు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని పొద్దుగూకేదాకా ఊరి మీద జాలిపడేవాళ్ళు.

ఇన్నయ్య పెళ్ళాం ఆరోగ్యమ్మకి మాత్రం కోడిపిల్లల దిగులు. గద్ద రోజూ వచ్చి తన్నుకుపోతోంది. ఇక మిగిలినవి మూడే. ఆ పొద్దున కలుపుకి పోతూ గట్టిగా చెప్పింది.

"ఇంకొక్క పిల్ల పోయిందా, నేను పుట్టింటికి పోతా. మళ్ళీ రాను."

ఆరోగ్యమ్మ కనపడకపోతే ఇన్నయ్యకి ముద్ద దిగదు మరి. గద్దని తోలడానికి కర్ర కోసుకొస్తూ మిషన్ బడి కిటికీ దగ్గర ఆగాడు. లోపల చిన్నప్ప మాస్టారు, విక్టోరియా రాణి కాలంలో ఎవరో దొర గద్ద మీద రాసిన పద్యం చెబుతున్నాడు.

"దీనికి పద్నాలుగు పాదాలర్రా. ఎనిమిది పాదాల దాకా గద్ద పైనే తేలుతుంది. అక్కణ్ణించి మలుపు తిరిగి ఆరు పాదాల్లో కిందికి దిగుతుంది. పైనున్న ఎనిమిది పాదాల్లో ప్రతి పాదం చివరా ఒకే మోత మోగుతుంది, అదే అంత్యప్రాస. అసలు సంగతేంటంటే, అది ఉత్త గద్ద కాదు. సాక్షాత్తూ ప్రభువే."

అంతే. కర్ర అక్కడే పారేసి ఇన్నయ్య ఇంటికి పరుగో పరుగు.

"ఒరే జోజీ, మనింటికి రోజూ వస్తోంది ఎవరనుకున్నావు? ప్రభువురా. నిన్న నువ్వు రాయిచ్చుకు కొట్టావే, ఆయన్నే."

జోజి లెంపలేసుకున్నాడు. ఇంటికొచ్చిన వాళ్ళకి కాళ్ళకి నీళ్ళివ్వాలి కదా. పద్నాలుగు కాళ్ళకి ఒక్క చెంబు ఏ మూలకి? వీధిలో చెంబులన్నీ అడుక్కొచ్చి వాకిట్లో బారుగా పెట్టారు. దేవుడి ముందు దాపరికమేంటని పిల్లల మీద గంప కూడా తీసేశారు. ఇంకేముంది, గద్ద దిగింది, ఒక పిల్లని పట్టుకుపోయింది.

"అన్నా, రెండు కాళ్ళే ఉన్నాయి. మువ్వల మోత కూడా లేదు."

"ఎనిమిదేమో పైనే ఉండిపోతాయట. కిందికి దిగేవి ఆరు. ఓపిక పట్టు."

గద్ద మళ్ళీ వచ్చింది. మళ్ళీ వచ్చింది. జోజి వేళ్ళు మడిచి చూసుకుని, "ఆరూ దిగాయన్నా, లెక్క సరిపోయింది," అన్నాడు. పిల్లలు కూడా సరిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది ఇన్నయ్యకి, పెళ్ళాం అన్న మాట. ఏడుస్తూ మాస్టారి దగ్గరికి పోయి సంగతంతా చెప్పాడు. మాస్టారు తల పట్టుకున్నాడు.

"అది ప్రతీక, ఇన్నయ్యా. అంటే ఒకదాని బదులు ఇంకొకటి నిలబెట్టడం. దీన్ని చూసి దాన్ని తలుచుకోవాలి."

"బదులు నిలబెడితే చాలాండీ?"

"చాలు. తెలివైనవాళ్ళు ఇట్టే గ్రహిస్తారు."

తెలివైనవాళ్ళు అన్నాక ఇన్నయ్య ఆగుతాడా? ఇంటికొచ్చి మూడు ఉల్లిపాయలు పెట్టి వాటి మీద గంప బోర్లించాడు. మధ్యాహ్నం ఆరోగ్యమ్మ వచ్చి గంప ఎత్తింది.

"ఇవేంటయ్యా?"

"కోడిపిల్లలే. పైకి ఉల్లిపాయల్లా కనపడతాయి గానీ."

"భలే ముద్దొస్తున్నాయి వదినా," అన్నాడు జోజి.

ఆరోగ్యమ్మ తిట్టలేదు, కొట్టలేదు. కళ్ళొత్తుకుంటూ బట్టలు మూట కట్టుకుని వెళ్ళిపోయింది. ఇన్నయ్య గుమ్మంలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆరోగ్యం లేని ఇల్లు ఇల్లేనా అని ఒకటే ఏడుపు.

"ఏడవకన్నా. బదులు నిలబెడదాం," అన్నాడు జోజి.

అంతే. రోలుకి ఆరోగ్యమ్మ పాత చీర చుట్టారు, పైన పూలు పెట్టారు. ఇన్నయ్య దాని ముందు కూర్చుని, "కోపం పోయిందా?" అన్నాడు. రోలు పలకలేదు.

"చూశావురా, తిట్టట్లేదు. పోయినట్టే." కడుపు నిండినంత సంతోషమైంది.

అక్కడ ఆరోగ్యమ్మకి ఊరు దాటగానే మనసు కరిగింది. ఈ పిచ్చి మారాజులకి అన్నం ఎవరు పెడతారని దీపాలవేళకి తిరిగొచ్చింది. మూట చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏమయ్యా, వచ్చాను," అంది.

ఇన్నయ్య ఆవిడ వంక చూశాడు, రోలు వంక చూశాడు. పైపంచె సర్దుకుని మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"రండమ్మా, కూర్చోండి. మా ఆరోగ్యం ఇంట్లోనే ఉంది. ఇంతకీ తమరు ఎవరి బదులు వచ్చారు?"