ముడుచుకునే చెప్పిన మాట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో, ఒళ్ళంతా పెంకులుండే గురవయ్య అనే ముసలి అలుగుకి అన్యాయం జరిగింది. ఎప్పుడంటే, హేవిళంబి నామ సంవత్సరం, కార్తీక పున్నమి నాడు.

ఏటా ఆ పున్నమికి ఏనుగు రాజు కొలువులో మూడు ముక్కలాట పోటీ జరిగేది. తాటాకు ముక్కలు, పందేనికి చింతగింజలు. గింజలు అయిపోయినవాళ్ళు లేచిపోవాలి. చివరిదాకా మిగిలినవాళ్ళకి కిరీటమేమీ లేదు. ముక్కలు పంచే పీట మీద ఎవరు కూర్చోవాలో చెప్పే హక్కు మాత్రం ఉంది. ఆ పీట మీద కూర్చున్నవాళ్ళని అడవంతా నమ్మినట్టు లెక్క. అంతకంటే ఏం కావాలి?

గురవయ్య ఏళ్ళ తరబడి ఆ పీట మీద కూర్చున్నాడు. ఆ ఏడు శంఖయ్య అనే కొంగ, ఓటమి దగ్గరపడేసరికి, ముక్కలు ఎత్తి చూపించాడు.

"వీటి మీద గుర్తులున్నాయి. పంచేవాడే పెట్టాడు."

అంతమందీ ఒక్కసారిగా తనవైపు తిరిగేసరికి గురవయ్య ఉండలా ముడుచుకుపోయాడు. అలుగుల జాతే అంత, గుండె నిండితే ముడుచుకుంటాయి.

"చూశారుగా, తప్పు చేసినవాడే ముడుచుకుంటాడు" అన్నాడు శంఖయ్య.

తీర్పు అయిపోయింది. ఆ ముక్కలు కొలువులో ఓ మూలన పడ్డాయి. తిప్పి చూసిన పెద్ద ఒక్కడూ లేడు. చూడకుండా తీర్పు చెప్పడమేగా పెద్దరికం.

నాటినుంచీ గురవయ్య బొరియ దాటలేదు. మనవరాలు బంగారి చీమలు తెచ్చి పెడితే తినేవాడు, లేకపోతే లేదు.

మూడేళ్ళు తిరిగి శార్వరి నామ సంవత్సరం వచ్చింది.

"తాతా, ఈసారి నేను ఆడతాను. గెలిచి నిన్ను మళ్ళీ పీటెక్కిస్తాను" అంది బంగారి.

"ఆడావులే. చెత్త ముక్కలొస్తే నీ పెంకులు నిక్కబొడుచుకుంటాయి. గుడ్డివాడైనా కనిపెడతాడు."

"కనిపెట్టనీ. అబద్ధమాడితేగా నాకు భయం."

పోటీలో బంగారి అదే పని చేసింది. చెత్త ముక్కలొస్తే చెప్పి పడేసింది, మంచివొస్తే చెప్పి ఆడింది. మిగతావాళ్ళు ఒకరినొకరు బుకాయించుకుని, ఒకరి గింజలు ఒకరు ఊడ్చేసుకున్నారు. పొద్దు వాలేసరికి ఇద్దరే మిగిలారు: బంగారి, శంఖయ్య.

శంఖయ్య ఒంటికాలి మీద నిలబడేవాడు. రెప్ప వేసేవాడు కాదు. రాజు ముక్క వచ్చినా అదే మొహం, చెత్త ముక్క వచ్చినా అదే మొహం.

మొదటి ఆట. బంగారి పెంకులు నిక్కాయి. "నావి బాగాలేవు మావా" అని పడేసింది. కొలువంతా నవ్వింది.

రెండో ఆట. "నావి బాగున్నాయి మావా" అంది. పెంకులు నున్నగా ఉన్నాయి. శంఖయ్య పడేశాడు.

మూడో ఆట. బంగారి ముక్కలు చూసుకుని తలెత్తింది. గుంపు చివర, వెనక కాళ్ళ మీద తడబడుతూ, తాత వస్తున్నాడు. మూడేళ్ళకి ఎండలోకి వచ్చాడు, మనవరాలి ఆట చూడ్డానికి. బంగారి గుండె నిండిపోయింది. గిర్రున ముడుచుకుంది.

ముడుచుకునే చెప్పింది: "నావి బాగున్నాయి మావా. దిగొద్దు."

"మాటలు నాకు చెప్పకమ్మడూ, నీ ఒళ్ళే చెబుతోంది" అని శంఖయ్య ఉన్న గింజలన్నీ ముందుకు నెట్టాడు.

బంగారి ముక్కలు తిప్పింది. మూడూ రాజులే.

"ఎవరిని కూర్చోబెట్టమంటావు తల్లీ?" అన్నాడు ఏనుగు రాజు.

"మా తాతని. దానికి ముందు ఆ మూలనున్న ముక్కలు తెప్పించండి మహారాజా. మా గోళ్ళు వంకీలు. ఆకు మీద ఆనితే చీలుతుంది, చిల్లు పడదు. వాటి మీద ఉన్నవి ఏమిటో మీరే చూడండి."

రాజు చూశాడు. సూదితో పొడిచినట్టు సన్నటి చిల్లులు. కొలువులో అందరి చూపూ ఒకే ముక్కు మీదికి వెళ్ళింది.

గురవయ్య పీట మీద కూర్చున్నాడు. కాసేపు ముక్కల్ని ఊరికే నిమిరాడు. తర్వాత మొదటి మూడూ శంఖయ్య ముందు పెట్టాడు.

"ఆడతావా నాయనా?"

అప్పుడు కొంగ రెండో కాలు కూడా కింద పెట్టింది. తల వంచింది.

రాజు కొలువు ముందు బండ మీద చెక్కించాడు:

ముడుచుకున్నవాడల్లా దొంగ కాడు, నిబ్బరంగా నిలబడ్డవాడల్లా దొర కాడు. మాట విని, కళ్ళతో చూసి, ఆ తర్వాతే తీర్పు చెప్పాలి. శార్వరి నామ సంవత్సరం, కార్తీక పున్నమి.